మంచుకొండల్ని చదివిన కళ్లతో నల్లమలనూ చదవండి

గౌరవనీయులైన సంచాలకులకు,
జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం,
హైదరాబాదు.

2023 సెప్టెంబరు 28న సిక్కింలోని సౌత్ లోనక్ సరస్సు 167 హెక్టార్ల మేర పరుచుకుని ఉంది. అక్టోబరు 4 ఉదయానికి మిగిలింది 60 హెక్టార్లు. ఈ రెండు అంకెల్నీ ఉపగ్రహ చిత్రాలతో సహా దేశం ముందు పెట్టింది మీ కేంద్రమే. ఆ రాత్రి సరస్సులోంచి దూకిన నీరు తీస్తా లోయ వెంట వచ్చి, చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు ఆనకట్టను ఊడ్చుకుపోయింది. అసలేం జరిగిందో తర్వాత పరిశోధకులు తేల్చారు. సరస్సు పక్క గట్టులోంచి 1 కోటి 47 లక్షల ఘనపు మీటర్ల రాయీ మన్నూ నీళ్లలోకి జారాయి. ఇరవై మీటర్ల అల లేచి, ఎదుటి కట్టను కోసేసింది. ఆ గట్టు పోసింది ఎవరు? ఒకప్పుడు అదే లోయను నిండా కప్పుకుని ఉన్న హిమానీనదం. మంచు వెనక్కి పోయింది, అది పోసిన గట్టు మాత్రం నిలిచింది. ఆ గట్టే చివరికి కొంప ముంచింది. సిక్కిం సంగతులు నాలాంటి శ్రీశైలం వాళ్లకెందుకు అని మీకు అనిపించవచ్చు. ఎందుకో చెప్పడానికే ఈ లేఖ.

కళ్లంలో ధాన్యాన్ని పలకతో తోసేటప్పుడు చూడండి. పలక ముందు ఒక కుప్ప లేస్తుంది, రెండు పక్కలా సన్నటి గట్లు మిగులుతాయి. పలకను వెనక్కి తీసేసినా ఆ గట్లను బట్టి అది ఎక్కడిదాకా వచ్చిందో, ఎంత వెడల్పుదో చెప్పేయవచ్చు. హిమానీనదం చేసే పనీ ఇదే. అది తోసుకొచ్చిన రాళ్లగట్లను మొరైన్లు అంటారు. మంచు కరిగి వేల ఏళ్లు గడిచినా ఉపగ్రహ చిత్రంలో అవి విల్లులా వంగిన గీతలై కనిపిస్తాయి. మన రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహాలు ఉదయం పదిన్నర ప్రాంతంలో నేల మీదుగా వెళతాయి కనుక ఏటవాలు ఎండలో గట్టుకు ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ పడి గీత ఇంకా స్ఫుటంగా తేలుతుంది. దానికి ఎత్తుల నమూనా జోడిస్తే గట్టు వాలు, లోయ అడుగు, పక్క కొండను మంచు గీరిన హద్దు, పైన గిన్నెలా తొలిచిన గుంట, అన్నీ లెక్కకొస్తాయి. ఏరు కోసిన లోయ గరాటులా ఉంటుంది, మంచు కోసిన లోయ తొట్టిలా ఉంటుంది. ఈ తేడాను పట్టుకునే భాగీరథి లోయలో గంగోత్రి హిమానీనదం సుమారు 60 వేల ఏళ్ల కిందట ఇప్పటి గోముఖానికి దాదాపు 40 కిలోమీటర్ల దిగువన, జాలా గ్రామం దాకా వచ్చిందని పరిశోధకులు గుర్తించగలిగారు. అప్పటి మంచును కొలిచినవాడు ఎవడూ లేడు. కొలత నేల మీదే ఉంది.

2024 ఏప్రిల్‌లో ఇస్రో విడుదల చేసిన లెక్క ప్రకారం హిమాలయాల్లో పది హెక్టార్లకు మించిన సరస్సులు 2,431. వాటిలో 676 సరస్సులు 1984 నుంచి గణనీయంగా పెరిగాయి. హిమాచల్‌లోని ఘెపాంగ్ ఘాట్ సరస్సు 1989లో 36 హెక్టార్లు ఉండేది, 2022 నాటికి 101 హెక్టార్లయింది. పత్రికలన్నీ ఈ పెరుగుదలనే పతాక శీర్షికకు ఎక్కించాయి. నాకు మాత్రం అదే ప్రకటనలో ఇంకో అంకె ముఖ్యం అనిపిస్తుంది. పెరుగుతున్న ఆ 676లో 307 సరస్సులకు ఆనకట్ట మొరైనే. అంటే ఇవాళ్టి ప్రమాదంలో దాదాపు సగం, ఎప్పుడో కరిగిపోయిన మంచు వదిలివెళ్లిన నిర్మాణాల చేతిలో ఉంది. నీటి విస్తీర్ణాన్ని ఎన్నిసార్లు కొలిచినా, దాన్ని ఆపుతున్న పాత గట్టు ఎంత గట్టిదో తెలియకపోతే ఆ లెక్క సగమే. కనుక పాత భూరూపాల మ్యాపును చరిత్రకారుల ముచ్చటగా కాక ఆనకట్ట భద్రతా పత్రంగా చూడాలని నా వాదన. హిమాలయంలో ఇది నిజమైతే కృష్ణ మీదా నిజమే.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. శ్రీశైలం ఆనకట్టను 20 లక్షల క్యూసెక్కుల లోపు వరదను దృష్టిలో పెట్టుకుని కట్టారు. స్పిల్‌వే దించగలిగింది సుమారు 13 లక్షలు. 2009 అక్టోబరు 2న వచ్చి పడ్డ వరద 25 లక్షల పైమాట. గరిష్ఠంగా 892 అడుగులు దాటకూడదనుకున్న నీటిమట్టం 896 దాటింది. వెనక కర్నూలు మునిగింది, మంత్రాలయం మునిగింది. ఆనకట్ట నిలబడింది, అది కట్టినవాళ్ల గొప్ప. కానీ రూపకల్పనలో ఊహించిన వరదకూ వచ్చిన వరదకూ అయిదు లక్షలకు మించిన తేడా ఎలా వచ్చింది? అప్పటి ఇంజినీర్లు లెక్క తెలియనివాళ్లు కారు. వాళ్ల చేతిలో ఉన్న పుస్తకమే చిన్నది. బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది 1855లో. అప్పటి నుంచి ప్రతి వరదనూ లెక్కలోకి తీసుకున్నా చేతికి వచ్చేది 170 ఏళ్ల జాబితా. ఎగువన కొలతలు ఇంకా ఆలస్యంగా మొదలయ్యాయి. పది వేల ఏళ్లలో ఒకసారి వచ్చే వరద ఎంతుంటుందో ఈ జాబితాతో చెప్పమంటే, పంచాంగంలో నాలుగు రోజులు చూసి సంవత్సరమంతా చెప్పమన్నట్టే.

ఇక్కడే హిమాలయ విద్య పనికొస్తుంది. పెద్ద నది రాతి గండిలో పడ్డప్పుడు వరద పక్కలకు పరుచుకోలేక పైకి లేస్తుంది. ఆ ఎత్తులో పక్క వాగుల నోళ్లలోకీ, బండల వెనక మూలల్లోకీ, చిన్న గుహల్లోకీ ఎగదన్నిన నీరు కాసేపు కదలకుండా నిలుస్తుంది. అందులోని సన్న ఇసుక, ఒండ్రు అక్కడే పేరుకుంటుంది. ఒక్కో పెద్ద వరదకు ఒక్కో పొర. పుస్తకంలో పేజీల్లా ఒకదాని మీద ఒకటి. అన్నిటికన్నా పై పొర ఎంత ఎత్తులో ఉందో చూస్తే వరద కనీసం అక్కడిదాకా వచ్చిందని రుజువైనట్టే. మొరైన్ మంచు హద్దును చెప్పినట్టే ఈ పొర వరద హద్దును చెబుతుంది. ఇది గాలిలో మాట కాదు. నర్మద గండుల్లో విశ్వాస్ కాలే, విక్టర్ బేకర్ తదితరులు 1990లలోనే ఈ పని చేశారు. కావేరి ఎగువన కూడా ఇలాంటి పొరలను చదివారు. అమెరికాలో ఆనకట్టలు చూసుకునే బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ పాత వరదల ఆనవాళ్లను భద్రతా లెక్కల్లోకే తీసుకుంటుంది. శ్రీశైలం దగ్గర కృష్ణ గండి ఇందుకు తగిన చోటు. నది ఎంత లోతున ఉంటే జనం దానికి పాతాళగంగ అని పేరు పెట్టుకున్నారో ఆలోచించండి. హైదరాబాదు నుంచి శ్రీశైలం వచ్చే దారిలో ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే, మైదానంలో తిరగాల్సిన వంపుల్నే నది రాతిలో కోసుకుని తిరగడం కనిపిస్తుంది.

అయితే నల్లమలలో మంచు ఎక్కడిది, మంచు మ్యాపుల పద్ధతి ఇక్కడికి ఎందుకు తెస్తున్నావు అని మీ కేంద్రంలోనే ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 16 డిగ్రీల అక్షాంశంలో, మహా అయితే వెయ్యి మీటర్లకు కాస్త పైకి లేచే ఈ కొండల మీద గత మంచుయుగంలో హిమానీనదం లేదు, ఉండే వీలూ లేదు. ఆ మాట ముందే తేల్చుకోవడం మంచిది. ఎందుకంటే ఆళ్లగడ్డ దగ్గర అహోబిలంలో భవనాశి వాగు పక్కన నిలువునా తెగిన కొండగోడల్నీ, వాటి పాదాన గుట్టలుగా పడ్డ ఇంతింత బండల్నీ చిత్రంలో చూస్తే, కొత్తగా నేర్చుకున్నవాళ్లు మొరైన్ అని గీత గీసేయగలరు. అవి మంచు తెచ్చినవి కావు, కొండ నుంచి విరిగి పడ్డవి. హిమాలయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది, కొండచరియ కుప్పను మొరైన్ అని రాసుకుంటారు. రూపం ఒకటే, పుట్టుక వేరు. నేను అడుగుతున్నది మంచును వెతకమని కాదు. రూపాన్ని చూసి పుట్టుకను తేల్చే మీ వాళ్ల నేర్పును ఇక్కడి రూపాల మీద పెట్టమని. తెలుగు నేలకు దగ్గర్లో నిజమైన మంచు ఆనవాలు కావాలంటే ఆదిలాబాదు సరిహద్దుకు వెళ్లాలి. పెన్‌గంగ ఏటిలో ఇరాయి ఊరి దగ్గర సున్నపురాతి పలకల మీద హిమానీనదం గీరిన గీతల్ని జియలాజికల్ సర్వేకు చెందిన ఫెడెన్ 1875లోనే నమోదు చేశాడు. అవి సుమారు 30 కోట్ల ఏళ్ల నాటివి. ఉపగ్రహం లేని రోజుల్లో ఏటి బండ మీద వంగి చూసి పట్టుకున్న సంగతి అది. మీ పనికి నేల మీద మనిషి ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. దేశమంతటికీ 1:50,000 కొలతలో భూరూపాల మ్యాపు ఇప్పటికే ఉంది, మీరూ జియలాజికల్ సర్వే కలిసి చేశారు, మీ భువన్ పోర్టల్‌లో పెట్టారు, మళ్లీ ఎందుకు? ఆ మ్యాపు చేసినవాళ్ల కష్టం తక్కువది కాదు. కానీ దానికి ఆధారమైన లిస్-3 చిత్రంలో ఒక చుక్క నేల మీద 23 మీటర్ల పైచిలుకు. మ్యాపు మీద మిల్లీమీటరు అంటే బయట 50 మీటర్లు. నల్లమల అంతటికీ కొండ, పీఠభూమి, లోయ అని రంగులు వేయడానికి అది చాలు. వాగు నోట్లో పది మీటర్ల వెడల్పున పేరుకున్న ఒండ్రు అరుగు అందులో పడదు. ఇప్పుడు మీ దగ్గర 5.8 మీటర్ల లిస్-4 ఉంది, రెండున్నర మీటర్ల కార్టోశాట్ జంట చిత్రాలున్నాయి, పాతిక సెంటీమీటర్ల కార్టోశాట్-3 ఉంది. హిమాలయ సరస్సుల అట్లాసుకు లిస్-4 వాడారు కదా, కృష్ణ గండికి లిస్-3తో సరిపెట్టుకోమంటే ఎలా?

అడవి అడ్డం వస్తుందన్న మాట సగం నిజం. నల్లమల ఎప్పుడూ పచ్చగా ఉండే అడవి కాదు, ఆకు రాల్చే అడవి. ఎండాకాలం మొదట్లో కొండ ఒంటి మీది ఎముకలు లెక్కపెట్టవచ్చు. పులుల అభయారణ్యం కనుక అటవీ శాఖ అనుమతి లేకుండా ఎవరూ అడుగు పెట్టలేరు, పెట్టకూడదు కూడా. పైనుంచి చూసే పద్ధతి అందుకే నల్లమలకు మరీ తగినది. లోపలికి పోవాల్సిన నాలుగైదు చోట్లను ముందు చిత్రంలోనే తేల్చుకుని, అక్కడికే పోవచ్చు. దారి చూపడానికి చెంచులున్నారు. ప్రతి పెంటకూ, ప్రతి గుండానికీ వాళ్ల దగ్గర పేరుంది. ఆ పేర్లు మ్యాపులోకి ఎక్కితే అదొక అదనపు లాభం.

అసలు కష్టమైన అభ్యంతరం నీటిది. ఆనకట్టకు ఎగువన గండి జలాశయంలో మునిగింది, దిగువన నాగార్జునసాగర్ వెనుక నీళ్లు శ్రీశైలం పాదాల దాకా వస్తాయి. చదవాల్సిన పేజీలే నీళ్లలో ఉంటే ఏం చదువుతారు? ఒప్పుకుంటాను, చాలా పోయింది. అంతా పోలేదు. ఆనకట్ట దిగువన నీటిమట్టానికి పైన మిగిలిన వాగు నోళ్లున్నాయి. ఎగువన జలాశయం తోకభాగంలో ప్రతి వేసవీ నేల బయటపడుతుంది. ఇంకా విలువైన సాక్ష్యం పాత బొమ్మల్లో ఉంది. శ్రీశైలానికి శంకుస్థాపన 1963లో. గేట్లు దిగి జలాశయం నిండింది 1980లలో. అమెరికా గూఢచారి ఉపగ్రహం కరోనా 1960 నుంచి 1972 దాకా ఫిల్ము మీద తీసిన బొమ్మల్ని 1995లో అందరికీ విప్పేశారు. దాని తర్వాతి హెక్సాగన్ బొమ్మలతోనే 650 హిమాలయ హిమానీనదాల కరుగుదలను లెక్కగట్టి, 2000 తర్వాత అది రెట్టింపయిందని 2019లో తేల్చారు. మంచు కోసం ఆ ఫిల్ముల్ని వెతికినప్పుడు, మునగక ముందటి కృష్ణ గండి కోసం కూడా వెతకవచ్చు. వాటికి సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు తోడు. నీళ్ల కింద ఏముందో చూడలేకపోయినా, నీళ్లు రాకముందు ఏముందో చూడగలం.

వయసు ఎలా తేలుస్తారు అని అడిగేవాళ్లకు ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పాలి. మొరైన్ బండ ఎన్నేళ్లుగా ఆకాశానికి ఎదురుగా ఉందో తెలుసుకోవడానికి అంతరిక్ష కిరణాలు రాతిలో పుట్టించే బెరీలియం-10ను కొలుస్తారు. అందుకు కావలసింది పలుగురాయి. హిమాలయంలో దాన్ని గ్రానైటు నలిపి, కడిగి ఏరుకోవాలి. శ్రీశైలం కొండల రాయి క్వార్ట్‌జైట్, అంటే దాదాపు అంతా పలుగే. ఇసుక పొరలకు చివరిసారి ఎండ తగిలిన కాలాన్ని చెప్పే పద్ధతి వేరే ఉంది, దానికి అహ్మదాబాదు, డెహ్రాడూన్ ప్రయోగశాలలున్నాయి. పైగా ఈ ప్రాంతం పాత జ్ఞాపకాల్ని దాచుకోగలదని ముందే రుజువైంది. నంద్యాల జిల్లాలోనే జుర్రేరు లోయలో, జ్వాలాపురం దగ్గర, 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద ఇప్పటికీ దిట్టమైన పొరగా ఉంది. దాని పైనా కిందా మనుషుల పనిముట్లు దొరికాయి. గాలికి వచ్చి పడ్డ బూడిదనే అన్ని వేల ఏళ్లు కాపాడిన నేల, నది పేర్చిన ఒండ్రును కాపాడలేదా?

ఇక వాతావరణం మారిపోతున్నప్పుడు పాత వరదలు తెలిసి ఏం లాభం అనేవాళ్లున్నారు. భారీ ఆనకట్టలకు వరద లెక్క జాబితా నుంచి కాదు, కురవగలిగిన గరిష్ఠ వాన నుంచి కడతారు కదా అని నిపుణులు కూడా అంటారు. ఆ గరిష్ఠ వాన అంచనాకు మూలం కూడా మనం కొలిచిన తుపానులే. అదీ చిన్న పుస్తకంలోంచి తీసిన పేజీయే. పాత వరద రేపటి వరదను చెప్పదు, నిజమే. కానీ ఈ నది ఇంతదాకా వచ్చింది, ఇంతకు తగ్గించి లెక్క వేయకు అని ఒక కనీస గీత గీస్తుంది. మారే వాతావరణంలో కావాల్సింది అలాంటి గీతే. ఇంకో మాట. హిమాలయ హిమానీనదాలు ముందుకు రావడంలో చలితోపాటు రుతుపవనాల తేమకూ పాత్ర ఉందని అక్కడి మొరైన్ల వయసులు సూచిస్తున్నాయి. అదే రుతుపవనం కృష్ణనూ నింపుతుంది. అక్కడి గట్లనూ ఇక్కడి పొరలనూ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం మీకున్నంతగా ఇంకెవరికీ లేదు.

ఇదంతా పండితుల పని అని పక్కన పెట్టడానికి ఇప్పుడు వీల్లేదు. 2021 ఆనకట్టల భద్రతా చట్టం సమగ్ర భద్రతా మూల్యాంకనం చేయించమంటోంది, అందులో రూపకల్పన వరదను తిరిగి పరిశీలించడం తప్పనిసరి అంటోంది. ఆ పరిశీలనకు కూర్చునే నిపుణుల ముందు మళ్లీ ఆ 170 ఏళ్ల జాబితానే పెడదామా? నల్లమల లోపల ఏముందో తెలియక పనిచేయడం ఎంత ప్రమాదమో 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు అందరం చూశాం. ఉపరితల మ్యాపు ఉంటే అది ఆగేదని నేను అనను, అనడానికి ఆధారం లేదు. కానీ నది, ఆనకట్ట, సొరంగాలు, లక్షల మంది భక్తులు, కింద రెండు రాష్ట్రాల ఆయకట్టు, ఇన్నిటిని మోస్తున్న కొండల భూరూపాలు మనకు 50 మీటర్ల మోటు గీతల్లోనే తెలిసి ఉండటం మంచిది కాదు.

అడుగుతున్నది పెద్దదేం కాదు. కర్నూలు నుంచి నాగార్జునసాగర్ దాకా కృష్ణ గండికీ, నల్లమల పడమటి పాదాన అహోబిలం నుంచి మహానంది దాకా వాగులు మైదానంలోకి దిగే చోట్లకూ 1:10,000 కొలతలో పాత భూరూపాల మ్యాపు చేయండి. హిమాలయ అట్లాసుల్లాగే దాన్ని భువన్‌లో అందరికీ తెరిచి పెట్టండి. నల్లమల ఆకు రాల్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. జలాశయం దిగేదీ, సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడేదీ ఆ రోజుల్లోనే. ఆ నెలల్లో తీసిన చిత్రాలు మీ షాద్‌నగర్ భాండాగారంలో ఏళ్ల తరబడివి ఉన్నాయి. ముందు వాటిని తెరవండి.

ఇట్లు,
శ్రీశైలం నుంచి ఒక పౌరుడు